కంటికి కనబడినంత

అంత పెద్ద బోర్డు పెట్టినా ఆడవాళ్ళు బస్సు ఎందుకు దిగడం లేదో ఇందుమతికి అర్థం కాలేదు.

కడప నుంచి రాయచోటికి పోయే రోడ్డు పక్కన ఒక చిన్న దర్గా ఉంది. దాని వెనక రేకుల ఇంట్లో బీబమ్మ ఉండేది. ఆమె అసలు పేరు ఖైరున్నిసా. తండ్రి ఆ దర్గాలో గురువు. ఆయన పోయాక, ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందంతా నేర్చుకున్న కూతుర్ని పక్కన పెట్టి, ఏమీ నేర్చుకోని కొడుకును గద్దె మీద కూర్చోబెట్టారు పెద్దలు. గద్దె, పచ్చ తలపాగా, హుండీ తమ్ముడికి వచ్చాయి. రేకుల ఇల్లు అక్కకు మిగిలింది.

దేవుణ్ణి వెతుక్కునేవాళ్ళు మాత్రం ఎందుకో వెనక ఇంటికే వచ్చేవాళ్ళు. మొగుడి దెబ్బలు తప్పించుకుని వచ్చేవాళ్ళూ అక్కడికే వచ్చేవాళ్ళు. రెండు రకాల వాళ్ళకూ బీబమ్మ ఒకే మాట చెప్పేది.

"ముందు కాళ్ళు కడుక్కో. అన్నం తిను."

పారిపోయిన పెళ్ళాన్ని వెతుక్కుంటూ మొగుళ్ళు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళకు గడప దాకే. ఒకసారి ఒకాయన గడప మీద నిలబడి, తన పెళ్ళాన్ని దాచారని కేకలు పెట్టాడు. "దాచలేదు నాయనా, లోపలే ఉంది. పిలువు, వస్తే తీసుకుపో" అంది బీబమ్మ. ఆయన పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఎవరూ రాలేదు. బీబమ్మ ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి పంపించింది.

ఇందుమతి కడపలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు, డ్రాయింగ్ టీచరుగా పనిచేసింది. కవిత్వం రాసేది. ధ్యానం నేర్చుకుందామని బీబమ్మ దగ్గరికి వచ్చి, శిష్యురాలిగా ఉండిపోయింది. బీబమ్మ ఆమెకు ధ్యానం సంగతి చెప్పకుండా చీపురు ఇచ్చింది. ఇందుమతి ఇల్లు ఊడ్చింది, అన్నం వండింది, వచ్చినవాళ్ళ పిల్లలకు తలలు దువ్వింది. ఇంతకంటే పెద్ద పని ఏదో తనకోసం ఉందని మనసులో అనుకుంటూనే ఉంది.

రోడ్డు వెడల్పు చేశాక బస్సుల వేగం పెరిగింది. దర్గా మలుపు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. బీబమ్మ ఇంటికి వచ్చే ఆడవాళ్ళు తగ్గిపోయారు. ఊళ్ళలో మొగుళ్ళు మంచివాళ్ళైపోయారని అనుకోవడానికి మాత్రం ఆధారం ఏమీ లేదు.

"రోడ్డు మీద బోర్డు పెడదాం బీబమ్మా" అంది ఇందుమతి.

"పెట్టు పాపా."

"ఏం రాయమంటారు?"

"నీకేం తోస్తే అది రాయి."

ఇందుమతికి చాలా తోచింది. కడపలో మందుల షాపు ఉన్న ఒక పెద్దమనిషి రేకు, కమ్మీలు ఇప్పించాడు. ఆమె రాత్రీ పగలూ అదే ధ్యాసగా బోర్డు వేసింది. నీలం ఆకాశం. అందులో రెక్కలు విప్పిన తెల్ల పావురం. పావురం కింద రెండు ఆడచేతులు, వాటికి తెగిన గొలుసు. పైన బంగారు నీడ వేసిన అక్షరాలతో పేరు: "నిరాశ్రిత మహిళా సాంత్వన మందిరం." దాని కింద తను రాసిన నాలుగు పాదాల కవిత. అడుగున బీబమ్మ పూర్తి పేరు, దాత పేరు, దాత తండ్రిగారి పేరు.

ప్రారంభానికి కడప నుంచి రచయితలు వచ్చారు. స్త్రీల వేదన మీద మగవాళ్ళు చక్కగా మాట్లాడారు. వాళ్ళ భార్యలు ఇళ్ళలో వంటలు చేసుకుంటూ ఉండటంతో రాలేకపోయారు. ఒక అభ్యుదయ పత్రిక ఆ బోర్డును అట్ట మీద వేసింది. ఆ తర్వాత కార్లలో పోయేవాళ్ళు ఆగి, ఎదురుగా నిలబడి చదివి, ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఫొటోలు బాగా రావాలనే బోర్డును రోడ్డు వారగా, రోడ్డుకు మొహం పెట్టి నిలబెట్టారు.

కార్లు ఆగాయి. బస్సులు మాత్రం ఆగలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పాలవ్యాను ఒకటి ఇంటి ముందు ఆగింది. అందులోంచి చంకలో పిల్లతో ఒక మనిషి దిగింది. పేరు ఓబులమ్మ. కడప అవతల పల్లె. కుడిచేతికి వెదురుబద్దలు పెట్టి పాతచీర పేలికతో కట్టు కట్టి ఉంది. కట్టు కింద చెయ్యి ఉబ్బిపోయింది.

కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాక చెప్పింది. నెల కిందటే ఇల్లు వదిలి బస్సెక్కిందట. రాయచోటి దారిలో బీబమ్మ ఇల్లు ఉంటుందని ఎవరో చెప్పారు. బస్సులో వాళ్ళ ఊరివాళ్ళు ఉన్నారు. కండక్టరును అడిగితే వాళ్ళు వింటారని భయపడి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎక్కడా కనబడలేదు. చివరికి రాయచోటి బస్టాండులో దిగింది. అక్కడ ఆమె బావ ఎదురయ్యాడు. జుట్టు పట్టుకుని తీసుకుపోయాడు. ఆ రాత్రి చెయ్యి విరిగింది. ఈసారి దారి తెలిసిన పాలవ్యాను డ్రైవరును బతిమాలుకుని వచ్చింది.

ఇందుమతి గ్లాసులో నీళ్ళు పోస్తూ, మామూలుగా, ఏ దురుద్దేశం లేకుండానే అడిగింది.

"రోడ్డు మీద అంత పెద్ద బోర్డు ఉంది కదక్కా. చూసుకోలేదా?"

ఓబులమ్మ తల దించుకుంది.

"నాకు చదువు తక్కువమ్మా. తప్పు నాదే."

బీబమ్మ పక్కనే బియ్యం ఏరుతూ ఉంది. తల ఎత్తి ఇందుమతిని చూసింది. మళ్ళీ బియ్యంలోకి చూసింది.

మర్నాడు పొద్దున బీబమ్మ, "కడపకు పోయి ఈమెకు మందులు తెద్దాం రా. పిల్లను కూడా ఎత్తుకో, తల్లి కాసేపు నిద్రపోతాది" అంది. ఇద్దరూ పిల్లను తీసుకుని వెళ్ళారు. మందులు కొని తిరుగు బస్సెక్కారు.

బస్సు కిక్కిరిసి ఉంది. స్త్రీలు అని రాసిన సీట్లో ఇద్దరు మగవాళ్ళు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. బీబమ్మ వాళ్ళ ముందు నిలబడి, సీటు మీద రాసిన అక్షరాలను చూపుడు వేలితో మెల్లగా తుడిచింది.

"దుమ్ము పట్టినట్టుంది నాయనా. కనబడలా?"

వాళ్ళు లేచారు.

ఇందుమతిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పిల్లను ఒళ్ళో పెట్టింది. మందుల సంచీ కాళ్ళ మధ్య పెట్టింది. బస్సు ఊరు దాటాక ఇందుమతి కొంగు లాగి తల మీద నుంచి ముఖం మీదికి కప్పింది.

"ఇదెందుకు బీబమ్మా?"

"వెనక సీట్లో మీ ఊరాయన ఉన్నాడనుకో. నిన్ను గుర్తుపట్టకూడదు. తల బయటికి పెట్టొద్దు, ఎవర్నీ అడగొద్దు."

ఇందుమతి నవ్వింది. ఇదేదో పరీక్ష అని ఆమెకు తెలుసు. గురువులు పరీక్షలు పెడతారని పుస్తకాల్లో చదివింది. నెగ్గగలననే అనుకుంది.

కండక్టరు తెలిసినవాడే. టికెట్టు కొడుతూ అడిగాడు.

"దర్గా కాడ ఆపాల్నా బీబమ్మా?"

"యాడ ఆపాల్నో ఈ పాప బోర్డు చదివి చెబుతాది నాయనా. చదవడం అయినాక ఆపు."

"ఆ బోర్డు నాకు కంఠతా వచ్చు బీబమ్మా, నేనే కదా రాసింది" అంది ఇందుమతి.

"నోటికి వచ్చింది కాదు. కంటికి కనబడింది చెప్పు."

బస్సు వేగం అందుకుంది. కిటికీ కమ్మీ సరిగ్గా ఇందుమతి కళ్ళకు అడ్డంగా ఉంది. కొంగు గాలికి ఎగిరి ముఖం మీద కొడుతోంది. తీస్తే బీబమ్మ మళ్ళీ కప్పుతోంది. పిల్ల తల్లికోసం ఏడుపు మొదలుపెట్టింది. ఒళ్ళోంచి జారిపోతుంటే పట్టుకుంది. సంచీ ఒరిగిపోతుంటే కాళ్ళతో నొక్కిపట్టింది. మలుపు వస్తోందని తెలుసు. ఆ చింతచెట్లు దాటితే మలుపే. ఇందుమతి మెడ సాచింది.

రోడ్డు వారగా ఉన్న రేకు అంచు ఒక గీతలా కనబడింది, అంతే. అది గీతలా ఉన్నంతసేపూ చదవడానికి ఏమీ లేదు. అది బోర్డు అయ్యేసరికి బస్సు దాని ముందుకు వచ్చేసింది. నీలం. ఏదో తెల్లది. బంగారు రంగులో గుండ్రటి చుక్కలు, సున్నాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"చెప్పు పాపా."

"నిరా..." అంది ఇందుమతి. "నిరాశ..."

రేకు వెనక్కి పోయింది. తర్వాత రాళ్ళు, తుమ్మచెట్లు.

శ మీది గుడీ, కింద తను ఎంతో ముచ్చటగా చుట్టిన ఒత్తూ ఆమెకు కనబడలేదు. దాని తర్వాత ఉన్న అక్షరమూ కనబడలేదు. కవిత ఉన్న చోట బూడిదరంగు మరక ఉంది. పావురం కాగితంలా ఉంది.

కండక్టరు వంగి అడిగాడు. "దాటిపోయిందే బీబమ్మా. ఆపమంటావా?"

"ఉండు నాయనా. ఇంకా చదవలా."

ముందు సీట్లో వాళ్ళు నవ్వారు. ఇందుమతి పిల్లను దగ్గరికి లాక్కుంది.

"మనం దిగాల్సింది దాటిపోయింది బీబమ్మా" అంది నెమ్మదిగా.

బీబమ్మ ఆమె తల మీది కొంగు తీసి, జుట్టు సర్ది, ఓదార్చినట్టే అంది.

"చదువు తక్కువై ఉంటాది పాపా. తప్పు నీదే."

ఇందుమతి కిటికీ వైపు తిరిగింది. పిల్ల ఏడుపు ఆపి ఆమె ముఖం చూస్తూ ఉండిపోయింది.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచారు. ఎండ గట్టిగా ఉంది. బీబమ్మకు మోకాళ్ళ నొప్పులు. కాసేపు నడిచి, కాసేపు నిలబడి నడిచింది. పిల్లను ఎత్తుకున్న ఇందుమతి ఆమె కంటే వెనకే ఉండిపోయింది. పక్కన నడవడానికి ముఖం చెల్లలేదు.

బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఒక కారు ఆగి ఉంది. ఒక జంట దిగి బోర్డును చదువుతున్నారు. "ఎంత బాగా రాశారండీ" అంది ఆవిడ. భర్త ఫొటో తీశాడు. వాళ్ళకు పావురం, గొలుసు, నాలుగు పాదాలూ అన్నీ కనబడుతున్నాయి. ఇంటి నుంచి పారిపోవాల్సిన అవసరం లేనివాళ్ళకు ఆ బోర్డు నిజంగానే చాలా బాగుంది.

ఇందుమతి వాళ్ళను దాటుకుని, ఆ బోర్డు తనది కాదన్నట్టు తల వంచుకుని ఇంట్లోకి పోయింది.

సాయంత్రం ఓబులమ్మకు జుట్టు దువ్వింది. ఒక చేత్తో దువ్వుకోలేదు కదా. చిక్కు తీస్తుంటే తల మీద ఒకచోట జుట్టు ఊడి బోడిగా కనబడింది. బావ పట్టుకుని లాగిన చోటు. ఇందుమతి అక్కడ తగలకుండా దువ్వెనను పక్కకు తిప్పింది.

"అక్కా, ఆ రోజు బస్సులో నీకేం కనబడింది?" అని అడిగింది.

"ఏముంది. నీలంగా ఏందో రేకు పోయె. నిరాశ అని ఉన్నెట్లుండె. సినిమా బోర్డేమో అనుకుంటి." ఓబులమ్మ కొంచెం నవ్వింది. "నిరాశ అని పేరు పెడితే ఎవురు పోతారబ్బా ఈ సినిమాకు, అని కూడా అనుకుంటి."

ఇందుమతికి నవ్వు రాలేదు. చదువు తక్కువన్న మనిషి, వేగంగా పోయే బస్సులోంచి, తను చదివినంతా చదివింది. ఆ బోర్డు మీద కనబడిందే అంత.

"ఆ బోర్డు వేసింది నేనే అక్కా."

ఓబులమ్మ తల తిప్పి ఇందుమతిని చూసింది. తర్వాత, "బొమ్మ బాగుండె" అంది, ఎదుటి మనిషి బాధపడుతుందేమోనని.

ఆ మాట ఇందుమతికి దెబ్బకంటే ఎక్కువగా తగిలింది. దువ్వెన పక్కన పెట్టి ఆమె ముందుకు వచ్చి కూర్చుంది. కట్టు కట్టిన చేతిని తాకబోయి, తాకలేదు.

"కిటికీలోంచి నువ్వు ఏం వెతికినావక్కా?"

"యాడ దిగాల్నో అని. ఇంకేముంటాది. బీబమ్మ అని యాడన్నా ఉంటాదేమో, ఈడ దిగు అని ఎవురన్నా చెబుతారేమో అని సూస్తా ఉంటి."

పొద్దున్నే ఇందుమతి బోర్డు ముందు సున్నం బకెట్టు పెట్టుకుంది. మొదట కవిత పోయింది. తర్వాత గొలుసు, చేతులు, పావురం. దాత పేరు, దాత తండ్రిగారి పేరు పోయాయి. "నిరాశ్రిత" దగ్గర మాత్రం కుంచె రెండోసారి, మూడోసారి కూడా తిప్పింది.

సున్నం ఆరాక, కమ్మీలు పెరికించి బోర్డును అడ్డంగా తిప్పించింది. ఇప్పుడది కడప నుంచి వచ్చే బస్సుకు ఎదురుగా, చింతచెట్ల దగ్గర నుంచే కనబడేలా నిలబడింది.

పసుపుపచ్చ రంగు వేసి, దాని మీద నల్లగా, రేకు పట్టినంత పెద్దగా "బీబమ్మ ఇల్లు" అని రాసింది. కింద "ఇక్కడ దిగండి" అని సుద్దముక్కతో గీసుకుంది. చింతచెట్ల దాకా నడిచి పోయి, వెనక్కి తిరిగి, పరుగెత్తుతూ చూసింది. రోడ్డు మీద పోయే గొర్రెల కాపరి ఈమెకేమైందోనని ఆగి చూశాడు. మళ్ళీ పోయి మళ్ళీ పరుగెత్తింది. క కిందున్న ఒత్తు క గీతలోనే కలిసిపోతోంది. బడిలో పిల్లలు "ఈడ" అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసి "ఇక్కడ" అని దిద్దిన చెయ్యి అది. ఆ చేత్తోనే "ఇక్కడ దిగండి" చెరిపేసింది.

బీబమ్మ ఇల్లు. ఈడ దిగు.

ఆ వారం మందుల షాపు పెద్దమనిషి కారులో వచ్చాడు. బోర్డు చూసి దిగకుండానే అద్దం దించాడు.

"ఏందమ్మా ఇది. పత్రిక అట్ట మీద పడిన బోర్డును సున్నం కొట్టేసినారా? ఈడ ఏంది, దిగు ఏంది? మర్యాద ఉండొద్దా? అంత చదువుకున్నారు మీరు."

"అవును సార్" అంది ఇందుమతి. కారు వెళ్ళిపోయింది.

బస్సులు వచ్చిపోతున్నాయి. డ్రైవర్లు బోర్డు చూసి, మలుపు దగ్గర కొంచెం నెమ్మది చేస్తున్నారు. ఇందుమతి పని మధ్యలో బస్సు చప్పుడు విన్నప్పుడల్లా బయటికి వచ్చేది. కిటికీల్లో ముఖాలు కనబడేవి. కొంగు కప్పుకున్న ముఖాలు, నిద్రపోతున్న ముఖాలు, చూస్తున్న ముఖాలు. వాటిలో దేనికి ఏ అవసరం ఉందో రోడ్డు మీద నిలబడినవాళ్ళకు తెలియదు. బస్సు కనుమరుగయ్యేదాకా చూసి లోపలికి వచ్చేది.

ఒకరోజు బీబమ్మ తనే రోడ్డు మీదికి వచ్చింది. ఇందుమతి ఆమె ముఖం చూడకుండా, రోడ్డును చూస్తూ అడిగింది.

"ఓబులమ్మక్క తిరిగి వచ్చింది కాబట్టి మనకు తెలిసింది. ఆ బోర్డు ఉన్నన్నాళ్ళూ ఇంకా ఎంతమంది దాటిపోయి ఉంటారు బీబమ్మా?"

బీబమ్మ కొత్త బోర్డును చదవలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ దాని చుట్టూ తిరిగి, రాయచోటి వైపున్న రేకు ముందు నిలబడింది. ఆ పక్క రంగు లేదు, రాత లేదు. వట్టి రేకు మీద అరచెయ్యి పెట్టింది.

"ఈ పక్క వదిలేసినావే?"

"అది వెనక కదా బీబమ్మా. అక్కడ రాస్తే ఎవరికి?"

"దాటిపోయినోళ్ళు తిరిగొచ్చేది ఈ పక్క నుంచే పాపా."